కొత్త మైల్స్ కలిపితే పాతవి నిలుస్తాయా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. ఆఫీసు ప్రయాణాల వల్ల సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ రివార్డు ఖాతా క్రిస్‌ఫ్లయర్‌లో 46 వేల మైల్స్ (విమాన ప్రయాణాలకు ఇచ్చే పాయింట్లు), ఎమిరేట్స్ ఎయిర్‌లైన్స్‌లో 22 వేలు, మారియట్ హోటళ్ళ ఖాతాలో 15 వేల పాయింట్లు పోగయ్యాయి. క్రిస్‌ఫ్లయర్‌లో 20 వేలు మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అవుతాయని మెయిల్ వచ్చింది. క్రెడిట్ కార్డు పాయింట్లు కొన్ని అందులోకి పంపితే ఖాతా యాక్టివ్‌గా ఉండి ఇవి పోకుండా నిలుస్తాయని కొలీగ్ అంటున్నాడు. పంపమంటారా?

జవాబు: పంపకండి. మీ కొలీగ్ మాట అబద్ధం కాదు, కాకపోతే అది మారియట్‌కి పనికొచ్చే మాట. అక్కడ 24 నెలల్లో ఒక్క లావాదేవీ ఉంటే చాలు, పాయింట్లన్నీ నిలుస్తాయి. ఒక రాత్రి బస చేసినా, కొన్ని పాయింట్లు వాడినా లెక్కే. మీ పాయింట్లు ఇంట్లోవాళ్ళ ఖాతాకు బదిలీ చేస్తే మాత్రం లెక్కలోకి రాదు.

క్రిస్‌ఫ్లయర్ లెక్క వేరు. ఏ నెలలో వచ్చిన మైల్స్ ఆ నెల నుంచి మూడేళ్ళే బతుకుతాయి. కొత్తవి ఎన్ని చేర్చినా పాతవాటి గడువు పెరగదు. పైగా కార్డు పాయింట్లు ఒకసారి పంపితే వెనక్కి రావు. బ్యాంకులో ఉన్నంతకాలం వాటికి నాలుగు దారులుంటాయి.

మరి ఆ 20 వేల సంగతి? డబ్బు కట్టి ఆరు నెలలు పొడిగించుకోవచ్చు. ప్రతి 10 వేలకు 12 డాలర్లు, లేదా 1,200 మైల్స్. మీకు 24 డాలర్లు, అంటే రెండు వేల రూపాయల పైన. ఆ ఆరు నెలల్లో టికెట్ తీసుకుంటానన్న నమ్మకం ఉంటేనే కట్టండి. లేకపోతే అది పోయే మైల్స్ మీద మళ్ళీ పోసే డబ్బే.

నేనైతే పొడిగించను, టికెట్ బుక్ చేస్తాను. గడువులోపు బుక్ చేస్తే చాలు, ప్రయాణం తర్వాత పెట్టుకోవచ్చు. మీరే వెళ్ళక్కర్లేదు, ఐదుగురిని నామినీలుగా చేర్చి వాళ్ళ పేరున తీసుకోవచ్చు. అమ్మానాన్నలకు సింగపూర్ చూపించాలని ఉంటే ఇదే సమయం, 46 వేలూ వాడేయండి. దసరా, సంక్రాంతి సెలవుల్లో మైల్స్‌కిచ్చే సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి మధ్యలో తేదీలు చూడండి. టాక్సులు చేతి నుంచి కట్టాలి. ఒక మెలిక ఉంది: గడువు దాటాక ఆ టికెట్ రద్దు చేస్తే పాత మైల్స్ తిరిగి రావు. అందుకే పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల గడువు చూశాకే బుక్ చేయండి.

ఎమిరేట్స్‌లో గడువు మీ పుట్టిన నెలతో ముడిపడి ఉంటుంది. కనీసం మూడేళ్ళు ఉండి, ఆపై వచ్చే మీ పుట్టిన నెల చివర్లో పోతాయి. గుర్తుపెట్టుకోవడం తేలికే. అయినా నేను మర్చిపోయే రకం. ఒక హోటల్ గ్రూపులో నా పాయింట్లన్నీ అలాగే పోయాయి, వాళ్ళ మెయిల్స్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడేవి! అప్పట్నుంచి ప్రతి ఖాతా గడువుకు నాలుగు నెలల ముందు ఫోన్ క్యాలెండర్‌లో అలారం పెడుతున్నాను.

అన్నట్టు, మీరు ఎప్పుడైనా విస్తారా విమానం ఎక్కారా? అది 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, పాయింట్లూ అటే వెళ్ళాయి. పాత మెయిల్ ఐడీతో ఒకసారి వెతకండి.