ఎనిమిది ఔట్ల దూరంలో ఆగిన జట్టు

ఆటల మేడమ్ జవాబులు

ఈ శీర్షికకు మామూలుగా కబడ్డీ, ఖోఖో, సాఫ్ట్‌బాల్ ప్రశ్నలు వస్తాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా బేస్‌బాల్ మీద, అందులోనూ సియాటెల్ మారినర్స్ మీదే ఉన్నాయి. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లు మన హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి కదా, ఆశ్చర్యం లేదు. నేనూ ఆ జట్టు అభిమానినే. అందుకే ఈ సంచికను దానికే ఇచ్చేశాను. ఈ జవాబులు 2025 నవంబర్ మొదటి వారంలో రాస్తున్నాను. మీ చేతికి అందేలోపు కొన్ని సంతకాలు అయిపోయి ఉండొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి రెడ్మండ్‌లో ఉంటాడు. దీపావళి మర్నాడు ఫోన్ చేస్తే, "అమ్మా, మా జట్టు ఓడిపోయింది, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు. ఇప్పుడు ఆటలన్నీ అయిపోయాయట. అయినా రోజూ "ఆఫ్‌సీజన్ టెన్షన్" అంటున్నాడు. ఆటే లేనప్పుడు టెన్షన్ దేనికి మేడమ్?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఫోన్ పెట్టేసిన ఆ పొద్దున విద్యానగర్‌లో మా ఇంట్లో నేనూ ఎవరితో మాట్లాడలేదు. అక్టోబర్ 21, మంగళవారం. వీధి నిండా కాల్చిన టపాకాయల కాగితాలు. ఐదున్నరకే లేచి, టీ పెట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నాను. అది టొరంటోలో, బ్లూ జేస్ జట్టుతో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో ఏడో ఆట. అప్పటికి చెరి మూడు గెలిచారు. ఈ ఒక్కటి గెలిస్తే వరల్డ్ సిరీస్‌కు, అంటే ఫైనల్‌కు వెళ్తాం. 1977లో పుట్టిన మా జట్టు ఇంతవరకు ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే.

ఏడో ఇన్నింగ్స్‌కు మేం 3-1తో ముందున్నాం. టొరంటో వాళ్లలో ఒకరు ఔట్, ఇద్దరు బేస్‌ల మీద, అంటే పరుగు పూర్తి చేయడానికి మధ్యలో ఆగి ఉన్నారు. జార్జ్ స్ప్రింగర్ బ్యాటింగ్‌కు వచ్చాడు. అంతకు రెండు ఆటల ముందు మోకాలికి బంతి తగిలి ఆట మధ్యలో వెళ్లిపోయిన మనిషి. ఒక్క దెబ్బతో బంతిని గోడ దాటించి హోమ్ రన్ కొట్టాడు, మూడు పరుగులు వచ్చాయి. 4-3తో ఓడిపోయాం. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్ల చొప్పున లెక్క వేయండి. ఇంకో ఎనిమిది ఔట్లు తీసి ఉంటే చాలు. మీ అబ్బాయి బాధ అక్కడ మొదలైంది.

ఇక టెన్షన్ సంగతి. మన ఐపీఎల్ వేలంలో పలక ఎత్తేది ఫ్రాంచైజీ. ఫలానా జట్టుకే వెళ్తానని ఆటగాడు వేలంలో పట్టుబట్టలేడు. బేస్‌బాల్‌లో వేలం ఉండదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, ఒప్పందం ముగిస్తే ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. ఇష్టమైన జట్టుతో మాట్లాడుకుని, ఇష్టమైనన్ని ఏళ్లకు సంతకం పెట్టొచ్చు. వరల్డ్ సిరీస్ ముగిసిన ఐదు రోజులకు ఆ తలుపు తెరుచుకుంటుంది. మాకు కీలకమైన ముగ్గురు, జాష్ నేలర్, హోర్హే పొలాంకో, యుహేనియో సువారెస్, ఇప్పుడు ఆ తలుపు దగ్గరే ఉన్నారు. ఎవరు ఉంటారో, ఎవరు వెళ్లిపోతారో తెలియదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "నేలర్ సంతకం పెట్టాడా నాన్నా?" అని అడిగి చూడండి. అరగంట మాట్లాడతాడు.

ప్రశ్న: ఆ ముగ్గురిలో ఒక్కరినే ఉంచుకోగలిగితే మీరు ఎవరిని ఉంచుతారు? నా ఓటు సువారెస్‌కు. ఐదో ఆటలో ఆ గ్రాండ్ స్లామ్ నేను జన్మలో మర్చిపోను.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: నేనూ మర్చిపోను బాబూ. ఎనిమిదో ఇన్నింగ్స్, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, బంతి కుడి వైపు గోడ దాటింది. నేను అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు తలుపు కొట్టారు. అయినా నా ఓటు నేలర్‌కే, ఏ మాత్రం అనుమానం లేకుండా.

సువారెస్‌కు 34 ఏళ్లు. ఈ ఏడాది రెండు జట్లకు కలిపి 49 హోమ్ రన్లు కొట్టాడు, నిజమే. కానీ జూలై చివర్లో మా దగ్గరికి వచ్చాక అతని బ్యాటింగ్ సగటు .200 కూడా దాటలేదు, అంటే ఐదు ప్రయత్నాలకు ఒక్క హిట్ కూడా లేదు. బంతి తగిలితే గోడ అవతలే, లేకపోతే బ్యాట్‌కు తగలకుండానే ఔట్, అంటే స్ట్రైకౌట్. కృతజ్ఞతతో సాగనంపాల్సిన సమయం ఇది. మూడో బేస్‌కు బెన్ విలియమ్సన్ ఉన్నాడు, చేతులు మంచివి. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023లో మొదటి రౌండ్‌లో తీసుకున్న కోల్ట్ ఎమర్సన్‌కు ఇప్పుడు ఇరవై ఏళ్లు. ఆ కుర్రాణ్ని వసంతకాలం క్యాంప్‌లో అక్కడ నిలబెట్టి చూడాలని నా కోరిక.

నేలర్ విషయం వేరు. 28 ఏళ్లు, మొదటి బేస్, ఎడమ చేతి బ్యాటర్. స్ట్రైకౌట్ అవడం తక్కువ, బంతిని ఆటలోకి పంపుతాడు. నా మనసు దోచింది మాత్రం అతని పరుగు. లీగ్‌లో అత్యంత నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలో ఒకడు, మనిషి భారీగా ఉంటాడు. అలాంటివాడు ఈ ఏడాది 30 బేస్‌లు స్టీల్ చేశాడు, అంటే బంతి వేసే పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తాడు. మా జట్టులోకి వచ్చాక 19 సార్లు ప్రయత్నించి, ఒక్కసారి కూడా దొరకలేదు.

అది ఎలా సాధ్యమో నాకు తెలుసు. నల్లకుంటలో నేను పనిచేసిన బడిలో ఒక అమ్మాయి ఉండేది. వంద మీటర్ల పరుగులో ఎప్పుడూ ఆఖరు. సాఫ్ట్‌బాల్‌లో బంతి పిచర్ చెయ్యి వదిలాకే బేస్ వదలాలి, కాబట్టి ముందుగా జరిగి నిలబడే వీలు లేదు. ఆ పిల్ల మాత్రం బెంచీ మీద కూర్చున్నంతసేపు ఎదుటి పిచర్ మణికట్టునే చూస్తుండేది. ఏ బంతికి చెయ్యి ఎలా తిరుగుతుందో, క్యాచర్ ఎప్పుడు బద్ధకంగా లేస్తుందో అంతా మనసులో రాసుకునేది. జోనల్ పోటీల్లో ఆ ఏడాది మా జట్టులో ఎక్కువ స్టీల్స్ దానివే. ముప్పై ఒక్కేళ్ల నౌకరీలో వేగంగా పరిగెత్తే పిల్లలు నాకు ఎందరో దొరికారు. అలా చూసే పిల్లలు నలుగురో ఐదుగురో. నేలర్ అలాంటివాడు. అలాంటి ఆటగాడు డగౌట్‌లో ఉంటే పక్కన కూర్చున్న కుర్రాళ్లకూ చూడటం అలవాటవుతుంది. ఐదేళ్ల ఒప్పందం అడిగితే ఐదేళ్లు ఇచ్చేయాలి. బేరాలాడుతూ డిసెంబర్ దాకా లాగితే ఇంకెవరో ఎగరేసుకుపోతారు.

పొలాంకో నా రెండో ఎంపిక. రెండు చేతులా బ్యాట్ చేస్తాడు, ఈ ఏడాది 26 హోమ్ రన్లు. రెండేళ్లకైతే సరే, అంతకు మించి ఇవ్వొద్దు.

ప్రశ్న: మనకు పిచర్లు ఎక్కువే ఉన్నారు కదా మేడమ్. లోగన్ గిల్బర్ట్‌నో జార్జ్ కిర్బీనో ఇచ్చేసి ఒక పెద్ద బ్యాటర్‌ను తెచ్చుకోకూడదా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: కూడదండీ. ఈ మాట ప్రతి చలికాలం ఎవరో ఒకరు అంటారు, ప్రతిసారీ నా గుండె దడదడలాడుతుంది. గిల్బర్ట్, కిర్బీ, బ్రయాన్ వూ, బ్రైస్ మిల్లర్, లూయిస్ కాస్టియో. కాగితం మీద ఐదుగురు కనిపిస్తారు. 2025లో ఏమైంది? కిర్బీ భుజం నొప్పితో మే నెలలో గానీ దిగలేదు. గిల్బర్ట్‌కూ మిల్లర్‌కూ మోచేతి సమస్య. సీజన్ చివర్లో వూ ఛాతీ కండరం పట్టేసింది. ఐదుగురూ కలిసి వరసగా ఆడింది చాలా తక్కువ. ఎక్కువ ఉన్నారన్న మాట ఎలా ఒప్పుకోను?

టొరంటో కంటే ముందు రౌండ్‌లో డెట్రాయిట్‌తో ఆఖరి ఆట గుర్తు చేసుకోండి. మనకు అక్టోబర్ 11, శనివారం పొద్దున. పదిహేను ఇన్నింగ్స్, దాదాపు ఐదు గంటలు. ఉప్మా చల్లారిపోయింది, మా ఆయన అలిగి బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు గిల్బర్ట్, కాస్టియో ఇద్దరూ తమ వంతు కాకపోయినా మధ్యలో దిగి బంతులు వేశారు. వాళ్లు అలా నిలబడ్డారు కాబట్టే పొలాంకో చివర్లో కొట్టిన దెబ్బకు 3-2తో గెలిచాం. బ్యాటర్‌ను డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఇలాంటి పిచర్లను పెంచడానికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వరసగా రెండో ఏడాది కప్ కొట్టారు. వాళ్ల జీతాల ఖర్చే 30 కోట్ల డాలర్లు దాటుతుందట. ఐపీఎల్‌లో ఉన్నట్టు పరిమితి లేదా? లేకపోతే మిగతావాళ్లు ఆడి ఏం లాభం?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బిడ్డా, గట్టి పరిమితి లేదు. ఐపీఎల్ గత మెగా వేలంలో జట్టుకు 120 కోట్ల రూపాయలు, అంతకు మించి ఒక్క రూపాయి కుదరదు. బేస్‌బాల్‌లో ఒక గీత గీశారు, 2026కు అది 24.4 కోట్ల డాలర్లు. దాటితే పన్ను కట్టాలి, అంతే. డబ్బున్నవాళ్లు కట్టేసి దాటుతున్నారు. ఇది న్యాయం కాదని నేనూ అనుకుంటాను. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. అప్పుడు దీని మీద పెద్ద గొడవే జరుగుతుంది.

కానీ "ఏం లాభం" అనకు. కాల్ రాలీని 2018 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో తీసుకున్నారు. ఈ ఏడాది 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్ ఒక సీజన్‌లో అన్ని కొట్టడం చరిత్రలో లేదు. అంతకుముందు రికార్డు 48. తన జట్టు ఫీల్డింగ్ చేసినంతసేపూ గొంతుకు కూర్చుని బంతులు పట్టే మనిషి అతను! మిల్లర్ నాలుగో రౌండ్, వూ ఆరో రౌండ్. హూలియో రోడ్రిగెస్‌ను కుర్రాడిగా ఉన్నప్పుడే డొమినికన్ రిపబ్లిక్‌లో గుర్తించారు. కొనుక్కొచ్చిన జట్టు కాదిది, పెంచుకున్న జట్టు. వరల్డ్ సిరీస్ కూడా ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్ దాకా వెళ్లి ఒక్క పరుగు తేడాతో తేలింది కదా. డబ్బు మొత్తం గెలిపించేస్తే అంత దూరం ఎందుకు వెళ్తుంది?

ఆ ఆట మనకు ఆదివారం పొద్దున ముగిసింది. అదే రోజు రాత్రి నవీ ముంబైలో మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచ కప్ అందుకున్నారు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆడపిల్లలకు గ్రౌండ్ ఇవ్వమని ఏళ్ల తరబడి అడిగినదాన్ని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది నీ ప్రశ్నకు జవాబు కాదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

ప్రశ్న: ఏడో ఇన్నింగ్స్‌లో స్ప్రింగర్‌కు బంతి వేయడానికి ఆంద్రెస్ మునోస్‌ను ఎందుకు దింపలేదు? కోచ్ డాన్ విల్సన్‌ను మార్చాలా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: దింపాల్సింది సార్. క్రికెట్ భాషలో చెప్పాలంటే, మన ఉత్తమ బౌలర్‌ను ఆఖరి ఓవర్ కోసం దాచిపెడితే, ఆ ఓవర్ వచ్చేసరికి ఆటే చేజారిపోతుంది. అదే జరిగింది. స్ప్రింగర్‌కు ఆ బంతి వేసిన ఎడ్వర్డ్ బజార్డో ఏడాదంతా బాగా వేసినవాడే, అతని మీద నాకు కోపం లేదు. కానీ ఆ క్షణం మునోస్‌ది. విల్సన్‌ను మాత్రం మార్చకూడదు. 2001 తర్వాత మొదటిసారి మా డివిజన్‌లో, అంటే లీగ్‌లో మా జట్టున్న గుంపులో, మొదటి స్థానం తెచ్చిన మనిషి. మీరూ నేనూ ఎన్ని తప్పుడు మార్పులు చేయలేదు గ్రౌండ్‌లో? ఈ చలికాలం అతనికి ఆట మధ్యలో దిగి బంతులు వేసే నమ్మకమైన రిలీఫ్ పిచర్లను ఇంకో ఇద్దరిని ఇవ్వాలి, అందులో ఒకరు ఎడమ చేతివాడైతే మంచిది.

ప్రశ్న: అన్ని జట్లు ఉండగా మీకు సియాటెల్ ఎందుకు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మా బిడ్డ బోథెల్‌లో ఉంటుంది. 2022లో మనవరాలు పుట్టినప్పుడు వెళ్లాను. అల్లుడు ఒక రోజు గ్రౌండ్‌కు తీసుకెళ్లాడు. ఆట మధ్యలో పక్కనుంచి గూడ్సు బండి కూత వేస్తూ పోయింది. విద్యానగర్ స్టేషన్ పక్కన పాతికేళ్లుగా ఉంటున్న దాన్ని, ఒక్కసారి ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ సెప్టెంబర్ 30 రాత్రి ఒళ్లో పసిపిల్లతో టీవీ చూస్తున్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, రాలీ హోమ్ రన్ కొట్టాడు. ఇరవై ఒక్కేళ్లుగా ప్లేఆఫ్స్ చూడని ఊరు లేచి నిలబడింది. పిల్ల నిద్ర లేస్తుందని నేను అరవలేదు, అల్లుడి చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ప్రశ్న: మళ్లీ ఆటలు ఎప్పుడు? మన టైమ్ ప్రకారం ఎన్నింటికి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఈసీఐఎల్

జవాబు: డిసెంబర్ రెండో వారం ఓర్లాండోలో జట్ల పెద్దలంతా కలుస్తారు, ఆ నాలుగు రోజులు వార్తలు చూస్తూ ఉండండి. ఫిబ్రవరి నడిమికి పిచర్లు, క్యాచర్లు అరిజోనాలోని పియోరియా క్యాంప్‌కు చేరతారు. అసలు సీజన్ మార్చి చివరి వారంలో. సియాటెల్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట మనకు మర్నాడు పొద్దున 7:10కి వస్తుంది. నేను ఆరింటికే ఇడ్లీ పిండి పొయ్యెక్కించేస్తాను. మొదటి బేస్ దగ్గర నేలరే నిలబడి ఉండాలి.