నీళ్లలో నీడ ఫొటో మసగ్గా ఎందుకు వస్తోంది?

చెరువు గట్టున నిలబడి నీళ్లలో మనుషుల ప్రతిబింబాలు ఫోన్‌తో తీస్తే మసగ్గా వస్తున్నాయి, పెద్ద కెమెరా కొనాలా అని అడిగారు. కొనొద్దు. నాది నెల్లూరు జిల్లాలో కోవూరు వైపు పల్లె. ఆరేళ్లుగా వరినాట్ల కాలంలో మడి గట్ల మీద కూర్చుని ఈ ఫొటోలే తీస్తున్నాను, చాలావరకు ఫోన్‌తోనే.

మసకకు ముఖ్య కారణం ఫోకస్. మీకూ నీళ్లకూ మధ్య 4 అడుగులు, నీళ్లకూ మనిషి మొహానికీ మధ్య 6 అడుగులు అనుకోండి. మొహం నీటి మీదే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఫోకస్ కుదరాల్సింది రెండూ కలిపి 10 అడుగులకు. ఫోనేమో దగ్గర్లో తేలే ఆకునో నాచునో పట్టుకుంటుంది. జూమ్ పెంచేకొద్దీ ఈ తేడా ఇంకా బయటపడుతుంది. అందుకే స్క్రీన్ మీద నీళ్లలోని మొహాన్నే వేలితో కాసేపు అదిమి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. వెలుతురు కూడా ఆ మొహానికి తగ్గట్టు సర్దుకుంటుంది. లేదంటే నీళ్లలోని ఆకాశం తెల్లగా మెరిసిపోయి మొహం నల్లబడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దు, నా ఫోన్‌లో అది నీడ సగాన్ని చెరిపేస్తోంది. కెమెరాకు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసి పక్కన పెట్టండి. అది ఉన్నదే నీటి మీద మెరుపును తగ్గించడానికి.

రెండోది కోణం. నీళ్లలోకి నిట్టనిలువుగా చూస్తే వెనక్కి వచ్చే వెలుగు నూటికి రెండు పాళ్లే. నీటిమట్టానికి పది డిగ్రీల ఎత్తు నుంచి చూస్తే మూడో వంతు వస్తుంది. అందుకే అందరూ కిందికి వంగమంటారు. కొందరు ఫోన్ తలకిందులు చేసి లెన్స్‌ను నీళ్ల దగ్గరికి దించుతారు. నిలబడ్డ మనిషికి ఆ పద్ధతి బాగుంటుంది.

వంగి ఉన్న మనిషికి పనికిరాదు. నాకిష్టమైన సంగతి ఇదే. నాటు వేసే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నడుం వంచే ఉంటారు, గట్టు మీద నిలబడితే మనకు కనిపించేది తలపాగా చుట్టిన తువ్వాలూ వీపూ. కానీ నీళ్లు ఆమెను కింది నుంచి చూస్తాయి. మనకు కనపడని మొహం మొత్తం అక్కడ ఉంటుంది: ముక్కుపుడక, చెంప మీద ఎండిన బురద చుక్క, పళ్ల మధ్య పట్టుకున్న చీర కొంగు. మరీ కిందికి దిగితే నీడ చిక్కగా వస్తుంది గానీ మొహం తగ్గిపోతుంది, నిలబడితే మొహం ఎక్కువ కనిపిస్తుంది గానీ నీడ పలచబడుతుంది. గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుంటే రెండూ సరిపోతాయి. గట్టుకు దగ్గరగా ఉన్నామెను చూసుకోండి. కొత్త నారుకట్ట విప్పడానికి ఆమె ఆగుతుంది చూడండి, ఆ నాలుగైదు క్షణాల్లో నీళ్లు తేటపడకపోయినా కుదురుకుంటాయి. బురదనీళ్లని దిగులు పడకండి, అడుగు నల్లగా ఉంటేనే నీడ బాగా తేలుతుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున ఏడున్నర లోపు గాలి ఉండదు, ఏటవాలు ఎండ వంగిన మొహం మీద కూడా పడుతుంది. నీళ్లలో ఆమె వెనక ఆకాశం కాకుండా తాటిచెట్ల నీడ పడేలా కూర్చుంటే మొహం ఇంకా తేటగా వస్తుంది.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. మొదటి ఏడాది ఒక ఫొటోను తిరగేసి, మొహం నిటారుగా కనపడేలా చేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. నీళ్లలో నీడే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. సాయంత్రానికి ఊరంతా గుర్తుపట్టారు. ఆమె మా ఇంటికొచ్చి, ‘‘నీళ్లలో ఉంటే నా మొహం కాకుండా పోద్దా నాయనా?’’ అంది. తిట్టలేదు. అంతకంటే బాధగా అనిపించింది. వెంటనే తీసేశాను. అప్పటి నుంచి ముందు అడుగుతాను, తీశాక ఫోన్ తలకిందులుగా తిప్పి ఆమెకు చూపిస్తాను, వద్దంటే అక్కడే డిలీట్ చేస్తాను.

నెల్లూరులో రొట్టెల పండగకు వెళ్లి తీద్దామనుకుంటే ఇది మరీ గుర్తుంచుకోవాలి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. ఆరోగ్యం, పెళ్లి, చదువు, ఉద్యోగం, ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. పిల్లల కోసం రొట్టె అందుకుంటున్న మనిషి కళ్లు ఎలా ఉంటాయో నేను చూశాను. అక్కడ మొహాల జోలికి పోను. రొట్టె మారే రెండు చేతులు, వాటి కింద నీళ్లలో మరో రెండు చేతులు, అంతే తీస్తాను. దానికి కూడా తెల్లారేసరికే వెళ్లాలి, జనం పెరిగాక ఆ నీళ్లు మళ్లీ రాత్రి దాకా నిలవవు.