కొత్త చేపలు తెచ్చే ముందు

చిరంజీవి బాబీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఆదివారం కొళత్తూరు చేపల మార్కెట్‌కి వెళ్ళి డజను నియాన్ టెట్రాలు, ఆ చిన్న చేపలు తెస్తావని, వాటిని నీ ఏంజెల్ చేపలతో కలుపుతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తాంబరంలో ఒక్కడివే ఉంటూ, ఆఫీసు చూసుకుంటూ, ఆ ట్యాంకును అంత బాగా నిలబెట్టినందుకు నాకు ఎంత గర్వమో! కానీ ఆ డజను మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ముందు నియాన్లు వద్దు. రెండూ అమెజాన్ చేపలే కదా అంటారు షాపులో. నిజమే, కానీ ఎదిగిన ఏంజెల్‌కి నియాన్ ఒక్క గుటక. అడుగున తిరిగే కోరిడోరస్‌లు ఆరు తెచ్చుకో. గుంపుగా ఉంటే అవి బెదరవు. డజను ఒకేసారి ఎందుకు వద్దంటే, నీ ఫిల్టర్‌లో చేపల వ్యర్థాన్ని శుభ్రం చేసే బ్యాక్టీరియా ఇప్పుడున్న చేపలకు సరిపడా మాత్రమే పెరిగి ఉంటుంది. ఒక్కసారిగా చేపలు ఎక్కువైతే అమ్మోనియా పేరుకుంటుంది, పాతవి కూడా ఇబ్బంది పడతాయి.

ఇక అసలు సంగతి. కొత్త చేపను తెచ్చిన రోజే పెద్ద ట్యాంకులో వదలకు. నెల రోజులు వేరే తొట్టిలో ఉంచు.

మా పెరంబూరు ఇంట్లో గౌరామీల ట్యాంకు ఉండేది. అప్పటికి మీ అమ్మకు పెళ్ళి కాలేదు, మా దగ్గరే ఉండి చదువుకునేది. ఆ గౌరామీల్లో ఒకటి మీ అమ్మ వేళ్ళ దగ్గరకొచ్చి మేత తినేది. ఒక సంక్రాంతికి చుట్టాల పిల్లలు ముచ్చటపడ్డారని మీ పెదనాన్న నాలుగు మాలీలు తెచ్చారు. కవరు నీళ్ళలో తేలేసి, వేడి సమానం అయ్యాక వదిలారు. ఎంత హుషారుగా ఈదుతున్నాయో చూడమని అందరినీ పిలిచారు. ఆ చలి రాత్రులు గడిచేలోపే గౌరామీలు రాళ్ళకేసి ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టాయి. రెక్కల మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు.

మందు వేశారు. చుక్కలు రాలిపోయాయి, తగ్గిందని మందు ఆపేశారు. అక్కడే దెబ్బ తిన్నాం. ఆ చుక్కల జబ్బు తెచ్చే పురుగు కడుపు నిండాక చేపను తనే వదిలేసి అడుగుకు చేరుతుంది. అక్కడ గుల్ల కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. చేప ఒంటి మీద ఉన్నప్పుడు గానీ, గుల్లలో ఉన్నప్పుడు గానీ మందు దాన్ని తాకదు. పిల్లలు బయటికొచ్చి చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చంపగలం. అందుకే చుక్కలు పోయాక కూడా మందు కొనసాగించాలి. మాకు అది తెలిసేసరికి మళ్ళీ వచ్చింది, ఈసారి మొప్పల నిండా. మీ అమ్మ చేతికొచ్చే గౌరామీ కూడా పోయింది. మీ పెదనాన్న ట్యాంకు కడిగి అటక మీద పెట్టేశారు. చాలాకాలం చేపల షాపు వైపు చూడలేదు. పిల్లల సంతోషం కోసం చేసిన పని కదా, అందుకే ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆయన లేచి వెళ్ళిపోతారు.

ఆ మాలీల ఒంటి మీద ఒక్క చుక్క లేదు బాబీ. పురుగు మొప్పల్లో ఉంటే మనకు కనపడదు. హుషారుగా ఉందన్న నమ్మకంతో మాత్రం కలపకు నాన్నా.

వేరే తొట్టికి ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు చాలు. మా ఫిల్టర్ స్పాంజ్ ఒకటి ఇద్దామనుకున్నాను, కానీ మా నీళ్ళు కూడా నీ చేపలకు కొత్తే, వాటితో కూడా జబ్బు రావచ్చు. కొత్త స్పాంజ్ ఫిల్టర్ ఒకటి కొని నీ ట్యాంకులోనే కొన్ని వారాలు నడిపించు, బ్యాక్టీరియా పడుతుంది. తర్వాత అది టబ్బులోకి మార్చు. అంటే ఈ ఆదివారం కొళత్తూరు ప్రయాణం మానుకోవాలి. కోపం తెచ్చుకోకు.

టబ్బుకు వల, బకెట్ వేరుగా ఉంచు. మెట్రో వాటర్‌లో క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మర్చిపోకు. అంత దూరం నుంచి వచ్చే కవరును ఇరవై నిమిషాలు తేలేస్తే చాలు. విప్పాక ఆలస్యం చేయకు, లోపల చేరిన అమ్మోనియా గాలి తగిలాక మరింత విషమవుతుంది. చేపను వలతో తీసి వదులు, కవరు నీళ్ళు పారబోయి. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనుక్కో, డబ్బులు నేనిస్తాను.

వచ్చే నెల వెళ్ళేటప్పుడు మీ పెదనాన్నను తోడు తీసుకెళ్ళు. చచ్చిన చేప ఒక్కటి కనపడినా ఆ తొట్టిలోంచి ఆయన కొననివ్వరు. మేత వేసి చూపించమని షాపువాణ్ణి నిలదీస్తారు. నువ్వే పిలువు, నేను చెప్పానని మాత్రం అనకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ