మిద్దె మీద డిష్ పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నెలనెలా రీచార్జి గొడవ లేకుండా మీ అమ్మకి టీవీలో డీడీ సప్తగిరి, వార్తలు వచ్చే దారి అడిగావు. మిద్దె మీదున్న పాత ఊచల యాంటెన్నాకి మళ్ళీ వైరు తగిలించే ఆలోచన మాత్రం మానుకో. అది పట్టుకునే టవర్ ప్రసారాలు మన వైపు ఆపేశారు. నీకు కావలసింది డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వాళ్ళు ఉపగ్రహం నుంచి ఉచితంగా ఇచ్చే ప్రసారం. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది ఇదే. డిష్షు, బాక్సు కొనుక్కుంటే చాలు, నెల చందా ఉండదు. బాక్సు ఎంపెగ్-4ది తీసుకో, చానళ్ళు ఎక్కువ వస్తాయి.

అన్నిటికన్నా ముందు చోటు చూసుకో. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి. మీ కావలిలో నిలబడి చూస్తే అది సరిగ్గా ఆగ్నేయంలో, 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తి వైపు. డిష్షు మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనబడదు, దాని వంపే అలాంటిది. అది చూసి చాలామంది ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టుకి భయపడతారు, నెత్తిన వాలిన కొమ్మని పట్టించుకోరు. మార్చి మధ్యలోగానీ సెప్టెంబరు నెలాఖరులోగానీ పొద్దున పదకొండు గంటలప్పుడు మిద్దెక్కి చూడు. ఆ రోజుల్లో సూర్యుడు ఆ ఉపగ్రహం ఉన్న చోటికే వస్తాడు. ఎండ నేరుగా పడే చోట సిగ్నల్ కూడా పడుతుంది. ఆ నాలుగు రోజులూ కాసేపు బొమ్మ పోతే కంగారు పడకు, అది సూర్యుడి వల్లే.

డిష్షుని ఆగ్నేయ మూలలోనే పెట్టాలని ఎవరన్నా అంటే వినకు. ఏ మూలనైనా పెట్టు, ముఖం ఆ దిక్కుకి ఉంటే చాలు. దిక్కు చూడ్డానికి ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా, ఇనప ఊచలకి దూరంగా నిలబడి చూడు.

పైపు ఊగకూడదు, ఒరగకూడదు. పిట్టగోడ పాతదైతే దాన్ని నమ్మకు, శ్లాబ్ మీదే యాంకర్ బోల్టులు దింపు. రసమట్టం పెట్టి నిటారుగా ఉందో లేదో చూసుకున్నాకే డిష్షు ఎక్కించు. కార్తీకంలో మన తీరానికి వచ్చే గాలివానలు నీకు తెలియనివి కావు.

ఇక తిప్పడం. కింద టీవీ దగ్గర ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌లో మాట్లాడుకోండి. బాక్సు సెట్టింగుల్లో ఎల్‌ఎన్‌బీ (డిష్షు ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క) 9750-10600, ఫ్రీక్వెన్సీ 11090, సింబల్ రేటు 29500 పెట్టండి. టీవీలో కనబడే స్ట్రెంగ్త్ గీత చూసి మురిసిపోవద్దు, వైరు తగిలిస్తే చాలు, అది లేస్తుంది. చూడాల్సింది క్వాలిటీ గీత. డిష్షుని వెంట్రుకవాసి తిప్పి, నాలుగు అంకెలు లెక్కపెట్టి ఆగు. బాక్సు ఆలస్యంగా చెబుతుంది. ఇక్కడే అందరూ తొందరపడతారు, సిగ్నల్ వచ్చి పోయినా తెలుసుకోలేరు. క్వాలిటీ దొరికాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే అటూ ఇటూ కొంచెం తిప్పి, ఎక్కువ వచ్చిన చోట ఆపు. బోల్టులన్నీ ఒకేసారి బిగించకు. ఒక్కోటీ కొంచెం కొంచెం బిగిస్తూ మళ్ళీ కిందికి అడుగు.

డిష్షు నుంచి బాక్సుకి వేసే వైరు ఆర్‌జీ-6 రకం, రాగిది కొను. ఎల్‌ఎన్‌బీ దగ్గర చిన్న వంపు కిందికి వదిలితే నీళ్ళు లోపలికి పోకుండా అక్కడే జారిపోతాయి. కొత్తపట్నం వైపు ఇళ్ళలో నేను చూసేది ఎప్పుడూ ఇదే: డిష్షు బాగానే ఉంటుంది, ఉప్పుగాలికి కనెక్టరు పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. మీరూ సముద్రానికి దగ్గరే, టేపు గట్టిగా చుట్టి బోల్టులకి గ్రీజు రాయి. వైరు తగిలించేటప్పుడు బాక్సు ఆపెయ్యి. కరెంటు తీగలు చెయ్యి అందేంత దగ్గరగా ఉంటే ఆ పక్క అసలు పెట్టకు.

జోరువానకి బొమ్మ పోతుంది, వాన తగ్గితే అదే వస్తుంది. అప్పుడు తడిసిన మిద్దెక్కి డిష్షు కదిలించకు. ఉరుములప్పుడు బాక్సు ప్లగ్గు, వైరు రెండూ పీకెయ్యమని మీ అమ్మకి చెప్పి చూపించు.

మామయ్య,
ఒంగోలు