ఐరిష్‌లో రాయడం మొదలుపెట్టిన అమ్మాయికి: విశేషణాల గురించి ఒక ఉత్తరం

అమ్మాయీ,

ట్రామోర్ సముద్రపు ఒడ్డు మీద శీతాకాలపు సాయంత్రం గురించి నువ్వు ఐరిష్‌లో రాసి పంపిన పేరా చదివాను. ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్‌లో కాపురం పెట్టి, తెలుగు కథలు రాసుకుంటూ, ఆ దేశపు భాషలో కూడా రాయాలని పూనుకున్నావు చూడు, అందుకు ముందుగా నా అభినందనలు. విశేషణాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడమన్నావు. దాని గురించే రాస్తాను. ఐరిష్ మాటల్ని కావాలనే తెలుగు లిపిలో రాస్తున్నాను. ముందు అవి నీ చెవిన పడాలి. స్పెల్లింగు తర్వాత నిఘంటువులో చూసుకుందువు గాని.

విశేషణం నామవాచకం తర్వాత వస్తుందన్న సంగతి నీకు పట్టుబడింది. ఒక్కచోట కూడా తప్పలేదు. తెలుగులో పుట్టినవాళ్లకి అది తేలికేమీ కాదు. మనం ‘చల్లని’ అనేసి, ఏది చల్లనో ఆ తర్వాత చెబుతాం. ఐరిష్‌లో వస్తువు ముందు కళ్లెదుటికి వస్తుంది, దాని గుణం వెనక వస్తుంది. అయితే ఆ వెనక వచ్చే మాట ఊరికే రాదు. ముందున్న నామవాచకాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. నీ పేరాలో చిక్కంతా అక్కడే ఉంది.

పగలుని ఐరిష్‌లో ‘లా’ అంటారు. పొడవైనదానికి ‘ఫద’, చల్లనిదానికి ‘ఫూర్’. పొడవైన చల్లని పగలు అంటే ‘లా ఫద ఫూర్’. రాత్రిని ‘ఈహె’ అంటారు. పొడవైన చల్లని రాత్రి అంటే ‘ఈహె అద ఊర్’. రెండూ పైకి చదివి చూడు. విశేషణాలు అవే. రాత్రి వెనక నిలబడేసరికి రెండింటిలోనూ ఫకారం రాలిపోయింది. లా పుంలింగం, ఈహె స్త్రీలింగం. స్త్రీలింగ ఏకవచనం తర్వాత వచ్చే విశేషణం మొదటి హల్లు మెత్తబడుతుంది. ఎన్ని విశేషణాలు వరసగా పెడితే అన్నీ మెత్తబడాలి. ఈ మెత్తబడటాన్ని వాళ్లు ‘షేవ్యూ’ అంటారు.

ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా గేలిక్ అనే పాత ఐరిష్ అచ్చు అక్షరాల మీద ఒక చుక్క పెట్టి షేవ్యూని చూపించేవాళ్లు. మామూలు రోమన్ అచ్చులోకి మారాక ఆ చుక్క స్థానంలో హెచ్ వచ్చి కూర్చుంది. మనవాళ్లకి అక్కడ ఒక ప్రమాదం ఉంది. బీ పక్కన హెచ్ కనబడగానే మన నాలుక ‘భ’ అంటుంది. అనకూడదు. ఆ హెచ్ మహాప్రాణానికి గుర్తు కాదు. బీ-హెచ్ ‘వ’ అవుతుంది, ఎమ్-హెచ్ కూడా ‘వ’యే. టీ-హెచ్ ‘హ’ అవుతుంది. ఎఫ్-హెచ్ అయితే మొత్తానికే పలకదు. అందుకే మంచి పగలు ‘లా మహ్’, మంచి రాత్రి ‘ఈహె వహ్’. పడుకోబోయే ముందు అక్కడివాళ్లు చెప్పుకునే మాట ఈ రెండోదే. నువ్వు వినే ఉంటావు. మన చెవికి ఒక మేలు కూడా ఉంది. ఐరిష్‌లో గట్టిగా పలికే టీ, డీలు ఇంగ్లీషువాళ్ల ట, డల్లా ఉండవు. దంతాలకి నాలుక ఆనించి పలికే మన త, దలకి దగ్గర. ఆ హల్లుల దగ్గర ఇంగ్లీషు ఉచ్చారణను పక్కన పెట్టి తెలుగు నోటితో పలుకు.

ఇక లింగం. మనకి లింగం అర్థాన్ని బట్టి వస్తుంది. మగవాడైతే వచ్చాడు, ఆడదైనా ఆవైనా బండైనా వచ్చింది. మహత్తు, అమహత్తు అని బళ్లో చదువుకున్నదే. ఐరిష్‌లో ప్రతి రాయికీ రప్పకీ కూడా లింగం ఉంటుంది, దాన్ని అర్థంలో వెతికితే దొరకదు. అమ్మాయి అనే మాట ‘కలీన్’ వ్యాకరణంలో పుంలింగం. చిన్నమ్మాయి ‘కలీన్ బ్యగ్’ అంతే, బ్యగ్ మెత్తబడదు. స్త్రీ అనే మాట ‘బ్యన్’ స్త్రీలింగం, కాబట్టి పెద్ద మనిషి ఆడదైతే ‘బ్యన్ వోర్’, మగాడైతే ‘ఫ్యర్ మోర్’. మాట చివరి ధ్వనిని బట్టి లింగాన్ని ఊహించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. అవి చాలాసార్లు పనిచేస్తాయి, కొన్నిసార్లు ముంచుతాయి.

అందుకని నీకు ఒక్క పద్ధతి చెబుతాను. నేను చెప్పేవాటిలో మిగతావి మరిచిపోయినా ఇది పట్టుకో. కొత్త నామవాచకాన్ని ఎప్పుడూ ఒంటరిగా నోట్‌బుక్‌లో రాసుకోకు. ఒక విశేషణాన్ని జతచేసి రాసుకో, జతగానే నోటికి తెచ్చుకో. ‘ఈహె’ అని రాసుకుని పక్కన స్త్రీలింగం అని గుర్తు పెట్టుకుంటే రాసే వేడిలో ఆ గుర్తు పనికిరాదు. ‘ఈహె అద’ అని పదిసార్లు పలికిన నోరు మాత్రం ‘ఈహె ఫద’ దగ్గర తనంతట తనే ఆగుతుంది. జతకి మోర్, బాన్, ఫద, మహ్ లాంటివి వాడు. వీటిలో మార్పు చెవికి స్పష్టంగా వినబడుతుంది. ఎల్, ఎన్, ఆర్‌లతో మొదలయ్యే విశేషణాలు పనికిరావు, వాటి మీద షేవ్యూ రాతలో కనబడదు. తెల్ల పిల్లి ‘కత్ బాన్’, తెల్ల ఆవు ‘బో వాన్’. ఇలా జతలు పోగుచేసుకో. త్యంగ్లన్ అనే ఉచిత నిఘంటువు సైట్లో మాటమాటకీ లింగం ఉంటుంది. చాలా మాటలకి కొనాక్ట్, మన్‌స్టర్, అల్‌స్టర్ మాండలికాల్లో ఉచ్చారణ కూడా వినిపిస్తుంది. నువ్వుండేది మన్‌స్టర్‌లో కాబట్టి ఆ గొంతునే అనుసరించు. నా ఉచ్చారణలో కొనాక్ట్ వాసన ఎక్కువ, దాన్ని ప్రమాణంగా తీసుకోకు.

ఈ జతలు నీ కళ్లముందే బోర్డుల మీద ఉన్నాయి. పేరాలో పెద్ద ఇసుక తీరాన్ని ‘త్రా మోర్’ అని రాశావు. నువ్వు రాసిన ఊరి పేరే అది! ఈసారి ఆ దారిన వెళ్లినప్పుడు ఊరి బోర్డు దగ్గర ఆగు. కింద ఇంగ్లీషులో ట్రామోర్ అని ఉంటుంది. పైన వాలు అక్షరాల్లో ఉన్న ఐరిష్ పేరులో ఎమ్ పక్కన హెచ్ ఉంటుంది: ‘త్రా వోర్’. త్రా స్త్రీలింగం. గాల్వే జిల్లాలో డన్‌మోర్ అనే ఊరుంది. పెద్ద కోట అని అర్థం. దాని ఐరిష్ పేరు ‘దూన్ మోర్’, హెచ్ లేదు, ఎందుకంటే దూన్ పుంలింగం. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండూ మోర్‌లే, తేడా తెలియదు. ఐర్లండ్‌లో చాలా ఊళ్ల పేర్లు ఇలా నామవాచకం, విశేషణం కలిసిన జంటలు. బస్సులో వెళుతూ చదువుకో, అంతకంటే మంచి వాచకం నాకు తెలియదు.

బహువచనంలో విశేషణానికి ఒక తోక వస్తుంది. చిన్న ఇల్లు ‘త్యఖ్ బ్యగ్’, చిన్న ఇళ్లు ‘తిహె బ్యగ’. పెద్ద స్త్రీలు ‘మ్నా మోర’. పెద్ద మగవాళ్లు మాత్రం ‘ఫిర్ వోర’. ఫిర్ లాగా బహువచనం సన్నని హల్లుతో, అంటే రాతలో ముందు ఐ అక్షరం ఉన్న హల్లుతో, ముగిస్తే అక్కడా మెత్తబడుతుంది. ఇది నెమ్మదిగా వస్తుంది, కంగారుపడకు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తున్నాను. తెలుగులో పెద్ద ఇల్లు, పెద్ద ఇళ్లు, పెద్ద కొడుకు అంటాం. ‘పెద్ద’ ఎక్కడా కదలదు. అదే వాక్యం చివరికి వెళితే ఆ ఇల్లు పెద్దది, ఆ ఇళ్లు పెద్దవి, వాడు పెద్దవాడు అని మారుతుంది. ఐరిష్‌లో ఇది అచ్చంగా తలకిందులు. నామవాచకాన్ని అంటిపెట్టుకున్న విశేషణం మారుతుంది, ‘తా’ అనే క్రియతో వాక్యం కట్టి దూరంగా నిలబెడితే మారదు. చిన్న ఇళ్లు ‘తిహె బ్యగ’, కానీ ఆ ఇళ్లు చిన్నవి అంటే ‘తా న తిహె బ్యగ్’. తోక పోయింది. పొడవైన రాత్రి ‘ఈహె అద’, రాత్రి పొడవుగా ఉంది అంటే ‘తా అన్ ఈహె ఫద’. రాలిపోయిన ఫకారం తిరిగొచ్చింది. నువ్వు మూడుచోట్ల ఈ దూరపు విశేషణాన్ని కూడా మెత్తబరిచావు. సూత్రాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లే ఇలా రాస్తారు, అందుకు నాకు సంతోషమే. మారిస్తే చాలు. లింగం గుర్తురానప్పుడు తా వాక్యంలోకి తప్పుకోవచ్చన్న ఉపాయం కూడా ఇందులో ఉంది. కాకపోతే ప్రతి వాక్యం తాతోనే మొదలైతే గద్యం నడక చచ్చిపోతుంది.

కొన్ని విశేషణాలు తా వాక్యంలో ఒంటరిగా నిలబడవు. మంచి, చెడు, అందం, హాయి లాంటి మెచ్చుకోలు, తెగడ్త మాటల ముందు ‘గొ’ చేరుతుంది. గొ మహ్ (మంచిగా), గొ బ్రా (చక్కగా), గొ హాలిన్ (అందంగా). క్రియావిశేషణాన్ని కట్టేది కూడా ఈ గొయే: నెమ్మదిగా అంటే ‘గొ మాల్’. మన ‘గా’ని తలుచుకో. నెమ్మదిగా నడిచింది, అందంగా ఉంది. రెండుచోట్లా ఒకే ప్రత్యయం. ఇంగ్లీషు మీదుగా ఐరిష్ నేర్చుకునేవాళ్లకి ఇక్కడ తికమక ఉంటుంది, నీకు ఉండక్కర్లేదు.

మనసులో కలిగేవాటికి అసలు విశేషణమే వెతకొద్దు. నువ్వు ఆకలిగొన్న, దుఃఖితమైన అనే విశేషణాల కోసం నిఘంటువు తిరగేసినట్టున్నావు. ఐరిష్ మనిషి ఆకలి నా మీద ఉంది అంటాడు: ‘తా ఒక్రస్ ఒరమ్’. బాధ నా మీద ఉంది, ‘తా బ్రోన్ ఒరమ్’. మనం మాత్రం నేను ఆకలిగొన్నవాణ్ణి అంటామా? నాకు ఆకలి వేస్తోంది, నాకు బాధగా ఉంది అంటాం. రెండు భాషల్లోనూ ఆకలి ఒక వస్తువు, మనిషి దగ్గరికి వచ్చి పోయేది. ఆ వాక్యాలు రాసేటప్పుడు నీ తెలుగుని నమ్ము.

రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త. గడ్డి, ఆకులు, పెరిగే ప్రతిదీ ‘గ్లస్’. కానీ బూడిదరంగు గొర్రెనీ, రాతినీ, సముద్రాన్నీ కూడా గ్లస్ అంటారు. రంగు వేసిన తలుపు, బట్ట పచ్చగా ఉంటే దానికి వేరే మాట, ‘ఊన్యె’. పసుపునీ ఆకునీ కూడా పచ్చ అనే మనకి ఇది వింతగా ఉండకూడదు. నీ పేరాలో సాయంత్రం సముద్రాన్ని గ్లస్ అన్నావు, చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ఎరుపుకి ‘ద్యరగ్’ ఉంది, కానీ జుట్టు ఎరుపు ‘రూఅ’. నక్కని ‘మాద్ర రూఅ’ అంటారు, ఎర్ర కుక్క అని. మనుషుల విషయంలో ఇంకో మాట. ‘దువ్’ అంటే నలుపు, కానీ మనిషి పక్కన పెడితే సంప్రదాయంగా అది జుట్టు రంగు చెబుతుంది. నిన్ను నువ్వు ‘బ్యన్ ఘువ్’ అని వర్ణించుకుంటే నల్లని జుట్టున్న ఆవిడ అనుకుంటారు. మేని ఛాయ గురించి రాయాలంటే ఆ వాక్యాన్ని అక్కడి స్నేహితులకి చూపించి రాయి.

ముసలి, పాత అనే ‘షన్’, చెడు అనే ‘ద్రొఖ్’ ముందు వచ్చి నామవాచకానికి అతుక్కుంటాయి. ముసలావిడ ‘షన్‌వ్యన్’. పాత ఇల్లు ‘షన్‌త్యఖ్’, షన్ తర్వాత త, ద, సలు మెత్తబడవు కాబట్టి. పాడు రోజు ‘ద్రొఖ్‌లా’. పోలికలకి ‘నీస్’ ఉంది, విశేషణం రూపం కూడా మారుతుంది. ఎత్తైన ‘ఆర్ద్’ నుంచి ‘ఆర్ద్యె’ వస్తుంది. ఐర్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1,038 మీటర్ల కొరాన్ తూహిల్, ‘అన్ ష్లీవ్ ఇస్ ఆర్ద్యె’. మోర్, బ్యగ్, మహ్‌లకి మాత్రం పూర్తిగా వేరే మాటలు: మో, లూ, ఫ్యార్. అవి కంఠస్థం చెయ్యాల్సినవే.

ఇక రచయిత్రిగా నీకు చెప్పవలసింది. ప్రతి నామవాచకం వెనకా రెండేసి, మూడేసి విశేషణాలు పెట్టావు. తెలుగులో ముందు వచ్చే విశేషణాలు పాఠకుణ్ణి నామవాచకం కోసం ఎదురుచూసేలా చేస్తాయి, కాబట్టి రెండు మూడు ఉన్నా ఒక్కోసారి చెల్లుతాయి. ఐరిష్‌లో తీరం అప్పటికే కనబడిపోయింది. ఆ తర్వాత వచ్చే మాట దానికి కొత్తగా ఏదైనా చేర్చాలి, చివరి మాటే చెవిలో నిలుస్తుంది. పైగా పెట్టిన ప్రతి విశేషణానికీ లింగవచనాల లెక్క చెప్పాలి. ఒక్కటి ఉంచు. ఆ ఒక్కటీ తీరాన్ని చూడకుండా రాయలేని మాట అయి ఉండాలి.

తప్పులు పోతాయేమోనని ఎవరికీ చూపించడం లేదన్నావు. అక్కడ ఒక సామెత ఉంది: ‘ఇస్ ఫ్యార్ గేల్గె వ్రిష్తె నా బేర్ల క్లిష్తె.’ తెలివైన ఇంగ్లీషు కన్నా విరిగిన ఐరిష్ మేలు అని. ఇందులో మన పాఠమంతా ఉంది, చూడు. గేల్గె అంటే ఐరిష్ భాష, స్త్రీలింగం, అందుకే బ్రిష్తె వ్రిష్తె అయింది. బేర్ల అంటే ఇంగ్లీషు, పుంలింగం, క్లిష్తె మారలేదు. 2022 జనగణనలో 18 లక్షల 70 వేల మందికి పైగా తమకి ఐరిష్ వచ్చని చెప్పారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం సుమారు 72 వేలు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకుని, నోరు విప్పడానికి మొహమాటపడే జనం నీ చుట్టూ ఉన్నారు. నువ్వు రాసింది వాళ్లకి చూపించు. వాళ్లు దిద్దుతారు, దిద్దుతూ వాళ్లూ మాట్లాడతారు.

షష్ఠీ విభక్తిలో విశేషణం ఇంకోలా మారుతుంది. దాని జోలికి ఇప్పుడు పోవద్దు. ఈ పేరాని సగానికి తగ్గించి, నామవాచకానికి ఒక్క విశేషణం చొప్పున తిరగరాయి. రాశాక పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి, కాగితంతో పాటు ఆ రికార్డింగు కూడా పంపించు. ఫకారాలు ఎక్కడ రాలాయో నేను చెవితో వినాలి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు