బీటింగ్ రిట్రీట్‌కి ఢిల్లీ వెళ్లాలా, టీవీలో చూస్తే చాలదా?

జనవరి 29న విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లు వాయిస్తూ కవాతు చేసే బీటింగ్ రిట్రీట్ చూడటానికి ఢిల్లీ దాకా వెళ్లడం దండగా, వెళ్తే ఏం గమనించాలి అని అడిగారు. నేను సికింద్రాబాద్‌లో ఒక ఆర్మీ ట్రైనింగ్ సెంటర్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించి రిటైరయ్యాను. (బ్యాండ్‌లో ఉద్యోగం అనగానే "పెళ్లిళ్లకి వస్తారా?" అని అడిగినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. యుద్ధం వస్తే ఈ బ్యాండువాళ్లే గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోస్తారని చాలామందికి తెలియదు.) విజయ్ చౌక్‌లోనూ వాయించాను కాబట్టి చెప్తున్నా, తప్పకుండా వెళ్లండి.

టీవీవాళ్లు డ్రోన్లు, దీపాలు చూపిస్తారు. మీరు మాత్రం అందరికంటే ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతిలోని పొడవాటి దండం చూడండి. దాన్ని మేస్ అంటాం. వందల మంది వాయిస్తూ నడుస్తుంటే నోటితో ఇచ్చే ఆర్డర్ ఎవరికి వినపడుతుంది? ఎప్పుడు కదలాలో, ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ ఆ దండమే చెప్తుంది. ఆపే ముందు మేస్ పైకి లేస్తుంది, బేస్ డ్రమ్ మీద జంట దెబ్బలు పడతాయి, ఆ వెంటనే అన్ని వాద్యాలూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒక్క ట్రంపెట్ అర క్షణం ఎక్కువ మోగినా మైదానమంతా వినిపిస్తుంది. రిహార్సల్స్‌లో మా టెన్షనంతా దాని గురించే.

కౌంటర్ మార్చ్ కూడా వదలకండి. మైదానం చివరికి వచ్చిన ముందు వరుస వెనక్కి తిరిగి, ఇంకా ఎదురొస్తున్న వరుసల సందుల్లోంచి నడిచి వెళ్లిపోతుంది. ట్యూన్ ఆగదు, నిమిషానికి 120 అడుగులు వేసే నడక మారదు. పక్కవాడి ట్రాంబోన్ స్లైడ్ మీ మోచేతికి తగలకుండా దాటడం అలవాటయ్యేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

ఇక చలి. జనవరి సాయంత్రం ఢిల్లీలో వేళ్లు కొంకర్లు పోతాయి. చలికి వాద్యాల శ్రుతి కూడా దిగిపోతుంది, అందుకే వంతు వచ్చేదాకా లోపలికి మెల్లగా ఊపిరి వదులుతూ వెచ్చగా ఉంచుకుంటాం. చల్లబడ్డ చెక్క క్లారినెట్‌ని ఒక్కసారిగా వేడెక్కిస్తే పగులుతుంది కూడా. బ్యాగ్‌పైపులది మరో గొడవ. వాటి శ్రుతి ఇత్తడి వాద్యాలతో ఓ పట్టాన కలవదు. అందుకే బ్యాగ్‌పైపులు, డ్రమ్ముల బృందానికి (పైప్స్ అండ్ డ్రమ్స్) ఎక్కువగా వేరే ట్యూన్లు ఇస్తారు.

రిట్రీట్ అంటే సూర్యాస్తమయం వేళ యుద్ధం ఆపి శిబిరాలకు తిరిగి రమ్మని ఇచ్చే పిలుపు. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆనవాయితీ ఇది. మన దగ్గర 1950ల మొదట్లో మొదలై, గణతంత్ర వేడుకలకు ముగింపు అయింది. 2001లో భుజ్ భూకంపం, 2009లో మాజీ రాష్ట్రపతి వెంకటరామన్ మరణం వల్ల రద్దయింది. చివర్లో బ్యూగిళ్లు రిట్రీట్ వాయిస్తుంటే జెండాలు దిగుతాయి. బ్యాండ్లను తీసుకెళ్లడానికి రాష్ట్రపతి అనుమతి అడిగి, 'సారే జహాఁ సే అచ్ఛా' వాయిస్తూ రైసినా కొండ వైపు వెనుదిరుగుతారు.

2022లో 'అబైడ్ విత్ మీ' తీసేసి 'ఏ మేరే వతన్ కే లోగో' పెట్టారు. తీసేసిన 'అబైడ్ విత్ మీ' గాంధీగారికి ఇష్టమైన క్రైస్తవ ప్రార్థనాగీతం. మన ట్యూన్లు పెరగడం నాకు సంతోషమే, రాగాల మీద కట్టిన మార్చ్‌లు వాయించడానికి కష్టమైనా వినడానికి బాగుంటాయి. కానీ ఆ ఒక్కటీ ఉంచాల్సింది. చలిగాలిలో గంటల మోతతో కలిపి విన్నవాళ్లెవరూ మర్చిపోరు.

టికెట్లు రక్షణ శాఖ ఆమంత్రణ్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఈమధ్య ఏళ్లలో 29న టికెట్ 100 రూపాయలు, 28న జరిగే ఫుల్ డ్రెస్ రిహార్సల్‌కి 20. దొరకడం కష్టం కాబట్టి రెండూ ప్రయత్నించండి. కార్యక్రమం దాదాపు అదే, రాష్ట్రపతి రాక ఒక్కటే ఉండదు. ఆ చుట్టుపక్కల మెట్రో స్టేషన్లు కొన్ని గంటలు మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి. మఫ్లర్, మేజోళ్లు మరవకండి.