కర్ణాటకలో హెచ్‌ఐవీ ఇబ్బందులు అందరికీ ఒకేలా ఉంటాయా?

"మందులు ఉచితమే కదా, అయినా కొందరే ఎందుకు ఎక్కువ నలుగుతున్నారు?" అని అడిగారు. బెంగళూరులో కన్నడ రాని మన కూలీలకు తోడుగా ఆసుపత్రులకు వెళ్తుంటాను. చూసినంత రాస్తున్నాను.

మందు ఉచితమన్నది నిజమే. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులిచ్చే చోట్లు) ఇస్తున్నారు. 2017 నుంచి సీడీ4 (ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) ఎంతున్నా సరే, పరీక్షలో తేలితే మొదలుపెడుతున్నారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. తేడా అంతా ఆ మాత్ర దాకా చేరడంలో, దాన్ని దాచుకోవడంలో ఉంది.

బిల్డింగ్ పనికొచ్చిన కుటుంబాల్లో తరచూ ముందు బయటపడేది భార్యదే. కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షల్లో హెచ్‌ఐవీ కూడా ఉంటుంది మరి. మొగుడు అప్పటికి పరీక్షకు రక్తమే ఇచ్చి ఉండడు. ఇంకేముంది, ముందు తెలిసిన మనిషే తెచ్చిన మనిషి అయిపోతుంది! రేకుల షెడ్డులో ఉండే ఒకావిడ మాత్రల డబ్బా మీద లేబుల్ గీకేసి, గలగలమనకుండా లోపల దూది కుక్కేది. రేకుకు అవతలే తోడికోడలు. మందు మానకుండా వాడితే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపొచ్చని కౌన్సెలర్ చెప్పింది ఆవిడకు బాగానే అర్థమైంది. టెన్షనంతా ఆ చప్పుడు గురించే.

భాష రాదని మేస్త్రీని వెంట తీసుకెళ్లొద్దు. సాయంత్రానికి షెడ్డంతా తెలిసిపోతుంది. ఈ ఊళ్లో తెలుగు వచ్చిన కౌన్సెలర్లు దొరుకుతారు, అడగండి.

సెక్స్ వర్కర్ల సంగతి వేరు. వాళ్లలో వాళ్లే తిరిగి కండోమ్‌లు, పరీక్షల గురించి చెప్పే పద్ధతి ఎన్నాళ్లుగానో నడుస్తోంది. మైసూరులో అశోదయ సమితి అనే సంస్థను నడిపేది వాళ్లే. జబ్బు గురించి వాళ్లకున్న అవగాహన మన ఇళ్లలో చాలామందికి లేదు. "హై రిస్క్" అని కొందరికి పేరు పెట్టడంతో మిగతావాళ్లు మనకెందుకులే అనుకున్నారని నా అభిప్రాయం. హిజ్రాలకైతే మందు కంటే ముందు, అడ్మిట్ చేస్తే ఏ వార్డు అన్న దగ్గరే గొడవ. ఉత్తరాన బాగల్‌కోట, బెళగావి వైపు దేవదాసీ కుటుంబాలున్నాయి. 1982లోనే నిషేధ చట్టం వచ్చినా ఆ బతుకుల ఛాయ ఇంకా పోలేదు.

హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం తీసేయడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు. అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కానీ రోజు కూలీని "రేపట్నుంచి రావద్దు" అనడానికి మేస్త్రీ కారణం చెప్పడుగా.

సైటు మారి వేరే ఊరికి పోతుంటే మాత్రం మందు ఆపొద్దు. పాత కేంద్రంలో ట్రాన్స్‌ఫర్ చీటీ రాయించుకుంటే కొత్త ఊళ్లో ఇస్తారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.